పిల్లల బొమ్మకి ఒక్క మ్యాట్నీ ఇవ్వండి

ఈస్ట్, వెస్ట్ ఏరియాల డిస్ట్రిబ్యూటర్లకు, థియేటర్ల యజమానులకు, మేనేజర్లకు నమస్కారమండి.

2022లో ఉభయ గోదావరి జిల్లాలు విడిపోయి కోనసీమ, కాకినాడ, ఏలూరు అని కొత్త బోర్డులు వచ్చినా సినిమా లెక్కల్లో ఇప్పటికీ మనం ఈస్ట్, వెస్టే. అందుకే మిమ్మల్ని అలాగే పిలుస్తున్నాను. నేను రాజోలు పక్కన సెల్‌ఫోన్ షాపు నడుపుకుంటున్నాను. అమ్మకాలకంటే రిపేర్లే ఎక్కువ. మా నాన్న ఇరవై ఏళ్లకు పైగా థియేటర్లో ఆపరేటర్‌గా చేశారు. రీళ్ల డబ్బాలు బస్సు టాపు మీద రావడం, ఒకే ప్రింటును రెండు హాళ్లు పంచుకుంటే రీలు తరవాత రీలు సైకిలు మీద పరిగెత్తడం కళ్లారా చూస్తూ పెరిగాను. రీళ్లు లేకుండా డిజిటల్‌గా సినిమా వేసే క్యూబ్, యూఎఫ్‌ఓ వచ్చాక నాన్న పని మానేసి ఇంటికొచ్చేశారు గానీ, హాలు మీద ప్రేమ మా ఇంట్లో ఎవరికీ పోలేదు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. వీడియో గేముల మీద తీసిన సినిమాలు వస్తున్నాయి, ఇంకా వస్తాయి. అవి వచ్చినప్పుడు మన టౌన్లలో కనీసం ఒక హాల్లో, తెలుగులో, పిల్లలు రాగలిగే టైముకి ఒక మ్యాట్నీ వేయండి. ఆ హాల్లో పిల్లలు అరిస్తే అరవనివ్వండి.

ఇది ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే 2025 ఏప్రిల్ 12 దగ్గర మొదలుపెట్టాలి. ఆ రోజు రెండో శనివారం. సోమవారం అంబేడ్కర్ జయంతి సెలవు కలిసొచ్చి మూడు రోజులు ఖాళీ దొరికింది. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి అప్పటికి వారం రోజులుగా ఒకటే పోరు, మైన్‌క్రాఫ్ట్ సినిమా చూడాలని. చదరపు దిమ్మలతో ఇళ్లూ ఊళ్లూ కట్టుకునే గేము అది, దాని మీద తీసిన సినిమా. 4వ తేదీన రిలీజైంది. మా చుట్టుపక్కల వాకబు చేస్తే ఎక్కడా పడలేదన్నారు. చివరికి వైజాగ్‌లో ఉన్న మా చెల్లెలింటికి బయల్దేరాం. ఒక సినిమా కోసం ఇక్కణ్ణుంచి వైజాగ్ వెళ్లడమేంటని మా ఆవిడ అడిగింది. రానూపోనూ చార్జీలు, టికెట్లు, పిల్లలకి కొనిపెట్టినవీ కలిపితే నాలుగు ఫోన్లకి స్క్రీన్ కాంబోలు మార్చిన డబ్బు అయిపోయింది. అయినా వెళ్లాం.

మేం చూసింది ఇంగ్లిష్ షో. మా అబ్బాయి, పదేళ్ల మా మేనకోడలు, నేను. హాలు నిండా పిల్లలు, వాళ్లని తీసుకొచ్చిన అమ్మానాన్నలు, వెనక వరసల్లో కాలేజీ కుర్రాళ్లు. పెద్దవాళ్లలో సగం మంది సినిమా మొదలవ్వగానే ఫోన్లు తీశారు. పిల్లలు మాత్రం తెర మీద కనిపించే ప్రతి దిమ్మకీ పేరు చెబుతున్నారు. నాకు చదరపు రాళ్లలా కనిపించినవన్నీ వాళ్లకి చుట్టాల్లా తెలుసు. ఇది బొగ్గు, ఇది ఇనుము, అది ముట్టుకుంటే పేలిపోతుంది, రాత్రయితే ఇక్కడ నిలబడకూడదు. మా మేనకోడలు నా చెవిలో చెబుతూనే ఉంది.

తరవాత ఆ సీను వచ్చింది. కుస్తీ గోదాలాంటి చోట ఒక కోడి నిలబడి ఉంటుంది. పైనుంచి పెట్టె తెరుచుకుని పచ్చటి పిల్ల దెయ్యం ఒకటి దాని మీద పడి స్వారీకి కూర్చుంటుంది. గేములో దాని పేరు చికెన్ జాకీ. అందులో అది ఎప్పుడో గానీ కనపడదట, కనపడితే అదృష్టమట. సినిమాలో నటించిన జాక్ బ్లాక్ ఆ పేరు అరవడానికి ఒక్క క్షణం ముందే హాలంతా అరిచేసింది. కుర్చీల మీద ఎక్కి అరిచారు. చిన్నప్పుడు పండగ రిలీజుకి నేల టికెట్లో కూర్చుని విన్న అరుపు ఇదే. ఇన్నేళ్ల తరవాత మళ్లీ విన్నాను. ఒళ్లు జలదరించింది.

వెంటనే ఇద్దరు కుర్రాళ్లు టార్చిలైట్లు పట్టుకుని వచ్చి, మళ్లీ అరిస్తే బయటికి పంపించేస్తాం అన్నారు. ఆ తరవాత పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. మా మేనకోడలు నవ్వొచ్చినప్పుడల్లా నా వంక చూసి, నవ్వచ్చా అని కళ్లతో అడిగింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. సినిమా హాల్లో నవ్వడానికి పర్మిషన్ అడగాల్సిన పిల్లని నేను ఎప్పుడూ చూడలేదండి.

ఇంకొక్క సంగతి కూడా చెప్పాలి. సినిమాలో ఒకచోట కిరీటం పెట్టుకున్న పంది కాసేపు కనిపిస్తుంది. వెనక వరసలో కాలేజీ కుర్రాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈల లేదు, కేక లేదు. ఎందుకని అడిగితే మా అబ్బాయి గుసగుసగా చెప్పాడు, "టెక్నోబ్లేడ్ కోసం నాన్నా. ఆయన చనిపోయాడు. క్యాన్సర్." ఇంటికొచ్చాక తెలుసుకున్నాను. టెక్నోబ్లేడ్ అనే పేరుతో మైన్‌క్రాఫ్ట్ వీడియోలు చేసిన అమెరికా కుర్రాడు. 2022లో ఇరవై మూడేళ్లకే పోయాడు. కిరీటం పెట్టుకున్న పంది ఆయన గుర్తు. మా వాడికి ఆయన మూడేళ్ల కింద పోయిన సొంత అన్నలాంటివాడు, ఆ విషయం ఇంట్లో మాకెవరికీ తెలియదు. ఆ కాసేపట్లో మా పిల్లాడి గురించి నేను తెలుసుకున్నది ఎనిమిదేళ్ల ప్రోగ్రెస్ కార్డుల్లో కూడా లేదు.

తిరిగొచ్చిన వారంలో మా దగ్గరి టౌన్లో ఒక థియేటర్ మేనేజర్ గారిని కలిశాను. మంచి మనిషి, నాన్నకి తెలిసినవాడు. ఆ సినిమా ఇక్కడ వేయరా అని అడిగాను. "బొమ్మలాట సినిమాకి ఎవరొస్తారు బాబూ? రివ్యూలు కూడా బాగాలేవంట కదా. గేముల మీద తీసినవి ఎక్కడా ఆడవు" అన్నారు. నేను వెళ్లిన టైముకి ఫస్ట్ షో నడుస్తోంది. స్కూటర్ స్టాండులో పదకొండు బళ్లున్నాయి.

గేముల మీద తీసినవి ఆడవు అన్న మాట ఆయన ఊరికే అనలేదు. ఒకప్పుడు అది నిజమే. 1993లో మారియో గేమును మనుషులతో తీశారు. నాలుగు కోట్ల డాలర్లకు పైగా పెడితే అమెరికాలో సగం కూడా రాలేదు. గేములో ఎర్ర టోపీ పెట్టుకుని, పుట్టగొడుగు తిని పెద్దవాడయ్యే మారియోని చూద్దామని వెళ్లిన పిల్లలకి, చీకటి సందుల్లో బల్లి మొహం మనుషుల కథ చూపించారు. 2001లో ఫైనల్ ఫాంటసీ అని మొత్తం కంప్యూటర్ బొమ్మలతో తీసిన సినిమా పెట్టుబడి రాబట్టలేక, తీసిన స్టూడియోనే మూతపడింది. మొన్న 2024లో కూడా బోర్డర్‌లాండ్స్ అని కేట్ బ్లాంచెట్‌లాంటి పెద్ద నటిని పెట్టి 11 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేస్తే, ప్రపంచమంతా కలిపి 3 కోట్ల 30 లక్షల దగ్గర ఆగిపోయింది. కాబట్టి గేము పేరు పోస్టరు మీద ఉంటే చాలు, జనం వచ్చేస్తారని నేను చెప్పడం లేదు.

కానీ ఏది ఆడుతుందో, ఏది ఆడదో పిల్లలకి ముందే తెలుస్తుంది. అది వాళ్లు దాచుకోరు కూడా. 2019లో సోనిక్ సినిమా మొదటి ట్రైలర్ వచ్చినప్పుడు ఆ నీలం ముళ్లపందికి మనుషుల్లాంటి పళ్లు పెట్టారు. మా సోనిక్ ఇది కాదు అని ప్రపంచమంతా గోల చేసింది. దర్శకుడు జెఫ్ ఫౌలర్ ఆ మాట విన్నాడు. నవంబరులో రావాల్సిన సినిమాని 2020 ఫిబ్రవరి 14కి వాయిదా వేసి, ఆ పాత్రని మళ్లీ గీయించారు. కోవిడ్‌తో హాళ్లు మూతపడేలోపే 30 కోట్ల డాలర్లు దాటింది. రెండో భాగం దానికంటే బాగా ఆడింది, మూడోది రెండోదానికంటే బాగా ఆడింది. ట్రైలర్ మీద వచ్చిన తిట్లని తిట్లుగానే తీసుకుని ఉంటే ఆ సిరీస్ మొదటి సినిమాతోనే ఆగిపోయేది.

మారియో కూడా అంతే. 1993 దెబ్బ తరవాత నింటెండో కంపెనీ చాలా ఏళ్లు సినిమా జోలికి రాలేదు. వచ్చినప్పుడు మారియోని పుట్టించిన షిగేరు మియామోటోనే నిర్మాతల్లో ఒకడిగా కూర్చున్నాడు. 2023 ఏప్రిల్ 5న వచ్చిన ఆ యానిమేషన్ సినిమాకి విమర్శకులు సగం సగం మార్కులే వేశారు. వసూళ్లు 136 కోట్ల డాలర్లు, ఆ ఏడాది ప్రపంచంలో బార్బీ తరవాత రెండో స్థానం. అదే ఏడాది అక్టోబరులో ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్ అని ఒక దెయ్యాల గేము సినిమా వచ్చింది. 2 కోట్ల డాలర్ల చిన్న బడ్జెట్. విమర్శకుల్లో మూడింట రెండొంతులమంది బాగాలేదన్నారు. పైగా అదే రోజు అమెరికాలో ఓటీటీలో కూడా వదిలేశారు. అయినా హాళ్లలో 29 కోట్లు దాటింది. ఇంట్లో ఫోన్లో చూడగలిగిన సినిమాకి పిల్లలు హాలుకి ఎందుకెళ్లారు? పక్కవాడు కూడా అదే చోట అరుస్తాడని.

ఇక మైన్‌క్రాఫ్ట్. దాని ట్రైలర్ని కూడా మొదట ఆడిపోసుకున్నారు. సినిమా వచ్చాక కూడా విమర్శకుల్లో సగం మందికి నచ్చలేదు. 15 కోట్ల డాలర్ల సినిమా, అమెరికా కెనడాల్లో మొదటి మూడు రోజుల్లోనే 16 కోట్లు తెచ్చింది. మొత్తం మీద ప్రపంచమంతా 95 కోట్ల డాలర్లు దాటింది, అంటే మన లెక్కలో 8 వేల కోట్ల రూపాయల పైమాట. అక్కడి హాళ్లలో ఆ కోడి సీనుకి పాప్‌కార్న్ గాల్లోకి విసిరేశారు. ఒకచోట బతికున్న కోడినే పట్టుకొచ్చారు. కొన్ని థియేటర్లు హెచ్చరిక బోర్డులు పెట్టాయి, కొన్నిచోట్ల పోలీసుల్ని పిలిచారు. జాక్ బ్లాక్ స్వయంగా ఒక షోకి వెళ్లి, పాప్‌కార్న్ విసరొద్దని నవ్వుతూ చెప్పి వచ్చాడు. చివరికి సినిమా తీసిన వార్నర్ బ్రదర్సే, మీరు ఎంత గోల చేసుకున్నా పర్లేదు అని మే నెలలో విడిగా షోలు వేయించింది.

ఆ వార్తలు చదువుతుంటే నాకు మా నాన్న గుర్తొచ్చారు. అక్కడివాళ్లకి ఇది కొత్త కావచ్చు. మనకి కొత్తా? హీరో ఎంట్రీకి చించిన పేపర్లు ప్రొజెక్టర్ వెలుగులో పడి మెరుస్తుంటే, క్యాబిన్ కన్నంలోంచి నాన్న నన్ను ఎత్తుకుని చూపించేవారు. తెర మీద మనిషి మొహం కనపడదు, మెరుపులే. పాటకి వన్స్ మోర్ అని గోల చేస్తే రీలు వెనక్కి తిప్పి మళ్లీ వేసిన రోజులున్నాయి. తెర ముందు హారతులు, గుమ్మడికాయలు, గేటు బయట డప్పులు. ఎవరు ఎక్కడ అరుస్తారో, ఎక్కడ సౌండు పెంచాలో, ఎప్పుడు లైట్లు వేసి కూర్చోబెట్టాలో నాన్నకి పోర్షను వచ్చినట్టు వచ్చు. ఆ విద్య మీ అందరికీ ఉంది. పండగ రిలీజుని సంబాళించిన గేట్‌కీపర్‌కి పదేళ్ల పిల్లల గోల ఒక లెక్కా? అమెరికాలో పోలీసుల్ని పిలిచిన పనిని మన హాలు మేనేజర్ చెయ్యెత్తి ఒక్క మాటతో చేస్తాడు.

తుడిచేవాళ్ల సంగతి మర్చిపోయి మాట్లాడటం లేదండి. నాన్నతో షో అయ్యాక హాల్లోకి వెళితే, చీపురు పట్టుకున్న పిన్ని ఒక్కతే అన్ని వరసలూ ఊడ్చేది. పేపరు ముక్కలైతే చీపురుకి వస్తాయి. పాప్‌కార్న్ తొక్కితే జిడ్డు నేలకి అంటుకుపోతుంది, సీటు సందుల్లోకి వెళితే చీమలు. అందుకని పిల్లలకి గేటు దగ్గరే చెప్పండి, నోటితో ఎంతైనా అరవండి, చేతిలోది విసరొద్దు అని. పిల్లలు వింటారు. ఆ షో తరవాత తుడిచేవాళ్లకి ఆ రోజుకి వేరే బత్తా ఇవ్వండి.

మన సొంత గొడవ కూడా ఒకసారి గుర్తు చేసుకుందాం. 2025 వేసవిలో అద్దె పద్ధతి మాకు గిట్టదు, వసూళ్లలో పర్సంటేజీ కావాలి అని మీలో చాలామంది గట్టిగా అడిగారు. తూర్పుగోదావరిలో మొదలైన మాట, జూన్ 1 నుంచి థియేటర్లే మూసేస్తామనే దాకా వెళ్లింది. మీ బాధ నిజం. జనం లేక, కరెంటు బిల్లుకి కూడా చాలక, లోటు (డెఫిసిట్లు) కట్టుకుంటూ హాలు నడపడం ఎంత కష్టమో ఆపరేటర్ కొడుకుగా నాకు తెలుసు. కానీ ఒక్కటి ఆలోచించండి. మీరు జనం లేరని కూర్చున్న ఆ ఏప్రిల్, మే నెలల్లోనే ప్రపంచమంతా పిల్లలు హాళ్ల ముందు బారులు తీరారు. మన పిల్లలు ఆ సమయంలో ఎక్కడున్నారో నాకు తెలుసు. మా షాపు ముందు అరుగు మీద కూర్చుని, నా వైఫై పట్టుకుని ఆ కోడి సీను ముక్కలు ఫోన్లో చూస్తున్నారు. ఎవరో హాల్లోంచి తీసిన వీడియోలు. తెర మసక, పక్కవాళ్ల అరుపులే స్పష్టం. అరుపు వచ్చినప్పుడు వీళ్లూ అరిచేవారు. అయిదారుగురు కుర్రాళ్లు ఒక్క ఫోన్ చుట్టూ.

నా షాపులో ఫోన్ చూస్తే ఆ పిల్లాడు ఏం ఆడతాడో చెప్పగలను. స్క్రీన్ గార్డు మీద ఎడమ వైపు కింద, బొటనవేలు ఆనేచోట చందమామలా అరిగి ఉంటుంది. ఫ్రీ ఫైర్, బీజీఎంఐ ఆడేవాళ్లకి కుడిపక్క కూడా అరుగుతుంది. స్టోరేజీ నిండిపోయిందని తెస్తారు. ఫోటోలు తీసేయనా అంటే తీసేయమంటారు, గేము మాత్రం ముట్టుకోనివ్వరు. సఖినేటిపల్లి వైపు నుంచి ఒక పిల్లాడు చార్జింగ్ పిన్ను పోయిన ఫోన్ తెచ్చాడు. చెయ్యి వణుకుతోంది. "ఫోన్ పోయినా పర్లేదన్నా, అందులో ఇల్లు పోకూడదు" అన్నాడు. వాళ్ల నాన్న కువైట్‌లో ఉంటాడు. కొత్త డాబా వేసుకున్నారు, ఆయన ఇంకా చూడలేదు. వీడు మైన్‌క్రాఫ్ట్‌లో ఆ డాబా గది గదీ కట్టి, వీధి అరుగు, వెనక కొబ్బరి చెట్లు, మెట్ల కింద బాత్రూము అన్నీ పెట్టాడు. రాత్రి డ్యూటీ దిగాక ఆయన అక్కణ్ణుంచి అదే గేములోకి వచ్చి ఆ ఇంట్లో తిరుగుతాడట. ఆ ఫోన్ బాగుచేసి ఇచ్చినప్పుడు వాడు ముందు ఆ ఇంటి తలుపు తీసి చూసుకున్నాడు. ఇలాంటి పిల్లాడికి ఆ సినిమా బొమ్మలాట కాదు.

టైము గురించి. మారియో 2023 ఏప్రిల్ 5న, మైన్‌క్రాఫ్ట్ 2025 ఏప్రిల్ 4న వచ్చాయి. అప్పుడు మనకి ఒంటిపూట బడులు. మధ్యాహ్నం భోజనాల వేళకి పిల్లలు ఇంటికొచ్చేస్తారు, ఎండకి బయట ఆడుకోలేరు. మీ మ్యాట్నీలు ఖాళీగా నడిచేవి కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. ఏసీ హాల్లో రెండున్నర షో వేస్తే శని, ఆదివారాలే అక్కర్లేదు, మామూలు రోజుల్లోనూ పిల్లలొస్తారు. ఇలాంటి సినిమాని సెకండ్ షోకో, ఆలస్యంగా వదిలే ఫస్ట్ షోకో పడేసి, ఎవరూ రాలేదని తీసేయకండి. నరసాపురం హాల్లో సినిమా చూసి సఖినేటిపల్లి పిల్లలు ఇల్లు చేరాలంటే వశిష్ఠ గోదావరి దాటించే పంటు దొరకాలి. లంక ఊళ్లవాళ్లకి ఆటో దొరకాలి. వెలుగుండగా వదిలే షో అయితే ఏ తల్లీ కాదనదు.

రాబోయేవాటిలో సోనిక్ నాలుగో భాగం 2027 మార్చికని ప్రకటించారు. అది మనకి పరీక్షల కాలం. మొదటి వారం వేసి లాభం లేదు, పరీక్షలయ్యాక వేయండి, కాస్త పాతదైనా పిల్లలొస్తారు. జెల్డా అనే ఇంకో గేము సినిమాని 2027 వేసవికి, మైన్‌క్రాఫ్ట్ రెండో భాగాన్ని 2027 జూలైకి ప్రకటించారు. జూలై అంటే బడులు తెరిచి ఉంటాయి కాబట్టి దానికి శని, ఆదివారాల మ్యాట్నీ చాలు. ఒకప్పటిలా ప్రింటు కొట్టించి డబ్బాలు మోయించక్కర్లేదు. డిజిటల్ వాళ్లకి కట్టే చార్జీలు ఉంటాయని తెలుసు, ఉన్న షోల్లో ఒకటి మార్చి చూడటానికి అదేమంత కొండ కాదు.

భాష మాట కూడా చెప్పాలి. వైజాగ్‌లో మా అబ్బాయికి ఇంగ్లిష్ డైలాగులు సగమే అర్థమయ్యాయి. గేము తెలుసు కాబట్టి కథ పట్టుకున్నాడు. వాళ్ల నానమ్మని తీసుకెళితే ఆవిడకి ఆ సగం కూడా ఉండదు. తెలుగులో చెప్పిస్తే ఎలా ఉంటుందో మనం చూశాం. 2019లో లయన్ కింగ్‌కి నాని, జగపతిబాబు, బ్రహ్మానందం, అలీ గొంతులిచ్చారు. 2024లో ముఫాసాకి మహేష్‌బాబు చెప్పారు. ఆ గొంతుల కోసమే పెద్దవాళ్లు కూడా వెళ్లారు. గేము సినిమాకి తెలుగు వెర్షన్ ఉంటే అదే అడిగి తెప్పించండి. లేకపోతే వచ్చేసారికి ఉండాలని డిస్ట్రిబ్యూటర్లు పై ఆఫీసులకి చెప్పండి. ఇంగ్లిష్ షో వేసి జనం రాలేదనడం మాత్రం న్యాయం కాదు.

ఇదంతా గాలిలో మాట అనుకోకుండా మహావతార్ నరసింహ చూడండి. హీరో లేడు, మొత్తం బొమ్మలే. 2025 జూలై 25న మొదటిరోజు దేశమంతా కలిపి రెండు కోట్లు కూడా రాలేదు. చూసినవాళ్లు చెప్పుకుని చెప్పుకుని వారం తిరిగేసరికి షోలు పెంచారు, చివరికి 300 కోట్లు దాటింది. మొదటి రోజు లెక్క చూసి సోమవారానికి తీసేసి ఉంటే ఆ సినిమా కథ ఆ వారమే ముగిసేది. మన పిల్లలు, మన ముసలివాళ్లు అందులో నరసింహస్వామి స్తంభంలోంచి వస్తే లేచి దండం పెట్టారు. బొమ్మలని ఎవరూ అనుకోలేదు.

ఇంకో చిన్న లెక్క మీకు పనికొస్తుంది. 2016లో వార్‌క్రాఫ్ట్ అనే గేము సినిమాకి 16 కోట్ల డాలర్లు పెట్టారు. అమెరికాలో 4 కోట్ల 70 లక్షలే వచ్చాయి, అక్కడ అది ఫ్లాపు. చైనాలో ఆ గేము ఆడేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అక్కడ విరగబడి చూశారు. మొత్తం 43 కోట్లకు పైగా వస్తే అందులో సగం వరకూ చైనాదే. నైజాంలో పోయిన సినిమా ఈస్ట్‌లో ఆడటం మీకు తెలియంది కాదు. ఏ ఊళ్లో ఎవరున్నారో తెలిసినవాడికే ఏ సినిమా ఎక్కడ ఆడుతుందో తెలుస్తుంది. మన ఊళ్లలో ఈ పిల్లలున్నారు. వాళ్ల ఫోన్లు రోజూ నా బల్ల మీదికి వస్తున్నాయి కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

ఒక హాలు ముందుకొస్తే చాలు. పోస్టరు మా షాపు షట్టరు మీద అంటిస్తాను. రోజుకి నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లాడికీ తేదీ, టైము చెబుతాను. మొదటి మ్యాట్నీకి నలభై టికెట్లు నేనే కొంటాను, డబ్బు ముందే ఇస్తాను. ఆ నలభైలో మొదటి టికెట్ సఖినేటిపల్లి పిల్లాడిది, రెండోది మా మేనకోడలిది. దసరా సెలవులకైనా, వేసవికైనా దాన్ని వైజాగ్ నుంచి పిలిపిస్తాను. క్యాబిన్‌లోకి రానిస్తే మా నాన్న కూడా వస్తారు. డెబ్భై దాటినా మెట్లు ఎక్కగలరు. ఆ కన్నంలోంచి ఒకసారి చూస్తానని అప్పుడే అడుగుతున్నారు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

రాజోలు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసుకునే ఒక ఆపరేటర్ కొడుకు